ధ్యానంలో పెత్తనం

మా ఇంట్లో ప్రశాంతత లేదని మొట్టమొదట కనిపెట్టింది నేనే. మిగతావాళ్ళెవరికీ ఆ అనుమానం కూడా లేదు. సర్కారు కొలువులో లెక్కలు రాసి రాసి రిటైరైన మా ఆయన పేపరు, కాఫీ, మధ్యాహ్నం కునుకు అనే మూడు ఫైళ్ళు చూసుకుంటూ హాయిగా ఉన్నారు. అత్తయ్యగారు సీరియళ్ళలోని కోడళ్ళను చూసి బాధపడుతూ, ఇంట్లో ఉన్న కోడలి గురించి బాధపడే తీరిక లేక సుఖంగా ఉన్నారు. మా అబ్బాయి ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, చెవుల్లో తెల్ల బుడిపెలు దోపుకుని, లోకంతో సంబంధం లేకుండా ఉన్నాడు. ఇంతమంది ప్రశాంతంగా ఉన్న ఇంట్లో ప్రశాంతత లేదని గోల పెట్టేది నేనొక్కదాన్నే. ఆ గోల ఎక్కణ్ణుంచి వస్తోందో కాస్త చెవి పెట్టి విన్నా అప్పుడే తెలిసిపోయేది. వినలేదు. విపశ్యన ధ్యానం పది రోజుల కోర్సుకి దరఖాస్తు పెట్టాను.

ఈ ఆలోచన మా ఆడపడుచు వల్ల వచ్చింది. ఆవిడ అంతకు ముందు ఏడాది వెళ్ళొచ్చింది. వచ్చాక మనిషే మారిపోయిందని చుట్టాలంతా అన్నారు. ఫోన్ చేసి రెండు నిమిషాల్లో పెట్టేస్తోంది. నా చీరల ఖరీదు అడగడం మానేసింది. ఆడపడుచు మారడమంటే మాటలా? అంత పని చేసిన విద్య నాకు బీపీ తగ్గించలేకపోతుందా అనుకున్నాను.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపాలి. నియమాలు మా ఆయన పైకి చదివారు. పదో రోజు పొద్దుటిదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు, సైగలు కూడా చెయ్యకూడదు అన్నచోట ఆగి, కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. "పది రోజులా?" అన్నారు. ఆ గొంతులో దిగులు కోసం వెతికాను. దొరకలేదు. గ్యాస్ బుక్ చెయ్యమంటే ఓటీపీ రావట్లేదని వారం తిప్పే మనిషి, ఈ ఫారం కాఫీ చల్లారేలోపు పూర్తి చేసేశారు. అందులో ఆరోగ్యం గురించి, మానసిక సమస్యల గురించి, వాడే మందుల గురించి విడివిడిగా ప్రశ్నలున్నాయి. దాచకుండా రాయమన్నారు. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్ళకి ఈ కోర్సు తగదని వాళ్ళే ముందుగా చెబుతారు. బీపీకి మాత్ర వేసుకుంటానని రాయించాను. "కారణం?" అన్నారు. ఆ ప్రశ్న ఫారంలో లేదు. ఆయనే అడిగారు.

ఇంతకీ ఆయనకి ఈ కోర్సు మీద గౌరవం కలగడానికి వేరే కారణం ఉంది. ఇప్పుడు మన దగ్గర నేర్పుతున్న ఈ పద్ధతి బర్మా నుంచి వచ్చింది. దాన్ని తెచ్చిన సత్యనారాయణ గోయెంకా 1924లో మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. మైగ్రేన్ తలనొప్పికి మార్ఫిన్ ఇంజక్షన్లు తీసుకునే దశకొచ్చి, 1955లో రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర మొదటి కోర్సు చేశారు. ఆ ఊ బా ఖిన్ ఎవరనుకున్నారు? స్వతంత్ర బర్మాకి మొట్టమొదటి అకౌంటెంట్ జనరల్. కొలువులో ఉంటూనే ధ్యానం నేర్పిన గృహస్థు. ఈ సంగతి చదివినప్పటి నుంచి మా ఆయన కాలరెత్తుకుని తిరుగుతున్నారు. "చూశావా, మా లెక్కలవాళ్ళ విద్య ఇది" అని. "మీ ఆఫీసులోనూ ఉండేదిగా, భోజనం తరవాత గంటసేపు, కుర్చీలోనే" అన్నాను. గోయెంకా 1969లో భారతదేశం వచ్చింది జబ్బుపడ్డ తల్లి కోసం. ఆ జూలైలో బొంబాయిలో జరిగిన మొదటి కోర్సులో ఆయన తల్లిదండ్రులు కూడా కూర్చున్నారు. అమ్మ కోసం కొడుకు పట్టుకొచ్చిన విద్య అని చెప్పి మా అబ్బాయి వైపు చూశాను. వాడు చెవుల్లో బుడిపెలు సర్దుకున్నాడు.

సంక్రాంతి వెళ్ళాక బయల్దేరాను. వెళ్ళేముందు ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటిద్దామనుకుంటే అది కాస్తా తలుపంతా అయింది. పాలు ఏ గిన్నెలో కాచాలి, ఏ గిన్నెలో కాచకూడదు. తోడు పెట్టడానికి గోరువెచ్చన అంటే ఎంత వెచ్చన. అత్తయ్యగారి మాత్రల్లో తెల్లది ముందా, గులాబీది ముందా. పనమ్మాయి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, వస్తే ఏమేం చెప్పకూడదు. కరివేపాకు మొక్కకి ఎన్ని చెంబులు. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ కట్టెయ్యడం. అరిసెలు ఏ డబ్బాలో ఉన్నాయో రాశాను. పక్కింటివాళ్ళిచ్చిన సకినాలు ఏ డబ్బాలో ఉన్నాయో రాయలేదు. అవి నేను తిరిగొచ్చాక నింపాదిగా తిందామని.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కేంద్రాలు కొన్ని ఉన్నాయి. హైదరాబాదులో వనస్థలిపురం దాటాక ధమ్మఖేత్త, దేశంలోని తొలి కేంద్రాల్లో అదొకటి. నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున, ఏలూరు వైపు విజయరాయిలో ధమ్మ విజయ. నేను వెళ్ళింది వీటిలోదా, వేరేదా అన్నది చెప్పను. నా మూలంగా వాళ్ళకి మాట రావడం నాకిష్టం లేదు.

మొదటి సాయంత్రం ఫోన్ తీసుకుని, కవర్లో పెట్టి, పేరు రాసుకున్నారు. పుస్తకం, పెన్ను, జపమాల అన్నీ అక్కడే. ఫోన్ ఇచ్చేముందు ఇంటికి చేసి "రెగ్యులేటర్" అన్నాను. "కట్టేశాను" అన్నారు ఆయన. అప్పటికింకా అయిదు గంటలే, రాత్రి వంట కాలేదన్న సంగతి నాకు చాపమీద కూర్చుని కళ్ళు మూసుకున్నాక తట్టింది. ఇక చేసేదేం లేదు. పంచశీల తీసుకున్నాం. ప్రాణి హింస చెయ్యను, దొంగతనం చెయ్యను, అబద్ధమాడను, బ్రహ్మచర్యం పాటిస్తాను, మత్తు ముట్టను. ఇవన్నీ నాకు ఇంట్లో కూడా పెద్ద కష్టం కాదు, దోమల విషయం తప్ప. ఆ రాత్రి నుంచి ఆర్య మౌనం మొదలు.

ఈ మౌనంలో ఒక చిన్న సందు ఉంది. తోటివాళ్ళతో మాట్లాడకూడదు గానీ, సాధన గురించి సందేహం వస్తే ఆచార్యుల్ని అడగొచ్చు, బకెట్టో దుప్పటో కావాలంటే ధమ్మ సేవికతో రెండు ముక్కలు చెప్పొచ్చు. అంతే, నా అవసరాలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. దుప్పటి కావాలన్నాను. ఇచ్చింది. ఇంకోటి కావాలన్నాను. బకెట్టుకి మగ్గు లేదన్నాను. మగ్గు వచ్చాక దాని పిడి వదులుగా ఉందన్నాను. మా వరండా చివర కొళాయి కారుతోందని చెప్పి, వాషర్ మారిస్తే ఆగుతుందని, వాషరు ఏ సైజుదో కూడా చెప్పబోతుంటే ఆ అమ్మాయి చేతులు జోడించి, నవ్వి, వెళ్ళిపోయింది. అమ్మాయంటే నా కంటే ఓ పదేళ్ళు చిన్నది. ఏదో బ్యాంకులో ఆఫీసరట, సెలవు పెట్టుకుని వచ్చి ఉచితంగా సేవ చేస్తోందని తరవాత తెలిసింది. కొళాయికి రాత్రి నేనే ఒక పాత జేబురుమాలు కట్టాను.

తెల్లవారుజామున 4 గంటలకి గంట. ఇంట్లో అందరికంటే ముందు లేచేది నేనేనని ముప్పై ఏళ్ళుగా అందరికీ వినబడేలా చెప్పుకుంటూ వచ్చినదాన్ని. ఇక్కడ గంట కొట్టే మనిషి నా కంటే ముందు లేస్తోంది. ఈ విషయం నాకు అస్సలు నచ్చలేదు. 4:30 నుంచి 6:30 దాకా ధ్యానం, టిఫిన్, 8 నుంచి 11 దాకా ధ్యానం, భోజనం, 1 నుంచి 5 దాకా ధ్యానం, టీ, 6 నుంచి 7 దాకా ధ్యానం, తరవాత ప్రవచనం, మళ్ళీ కాసేపు ధ్యానం, 9:30కి దీపాలార్పడం. అంతా కలిపితే రోజుకి పది గంటల పైచిలుకు కూర్చోవడమే.

మొదటి మూడు రోజులూ ఆనాపానం. అంటే వచ్చే శ్వాసనీ పోయే శ్వాసనీ గమనించడం, అంతే. దాన్ని పొడిగించకూడదు, బిగపట్టకూడదు, మంత్రం జోడించకూడదు. ఉన్నది ఉన్నట్టు చూడాలి. చెప్పడానికి ఎంత తేలిక! ఊపిరి సలపని పనిలో పుట్టి పెరిగినదాన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఊపిరి చూసుకోమ్మా అంటే ఎలా? పైగా నా కళ్ళముందు జరిగే దేన్నీ ఏమీ అనకుండా ఊరికే చూడటమన్నది నా జన్మలో చెయ్యని పని. నేను చూస్తున్నానని తెలియగానే నా శ్వాస పనమ్మాయిలా బుద్ధిగా, కొలతగా రావడం మొదలుపెట్టింది. అటు తిరిగితే మళ్ళీ దాని ఇష్టం. ఎడమ ముక్కు సరిగా పనిచెయ్యడం లేదని కనిపెట్టి, లోపల్లోపలే మందలించాను కూడా. స్పీకర్లోంచి గోయెంకా గొంతు హిందీలో, దాని వెనకే తెలుగు అనువాదం, మనసు ఎక్కడికో వెళ్ళిపోతే విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టండి అని చెబుతుంది. విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టడం! మా ఇంట్లో ఈ మాట ఎవరైనా నాతో అంటే ఊరుకునేదాన్నా?

మనసు వెళ్ళిన చోట్లకి లెక్క లేదు. ఒకసారి నాగార్జునకొండ దాకా వెళ్ళింది. చిన్నప్పుడు స్కూలు నుంచి లాంచీలో తీసుకెళ్ళారు ఆ ద్వీపం మీది మ్యూజియానికి. అక్కడి మహాచైత్యం కట్టించడంలో పెద్ద చెయ్యి చాంతిసిరి అనే ఆవిడది, ఇక్ష్వాకుల ఇంటి ఆడపడుచు. రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, ఆపైన అత్తగారు కూడా. మూడో శతాబ్దంలో, అల్లుడు రాజుగా ఉండగా, ఆవిడ అంత కట్టడం కట్టించింది. మేస్త్రీల మీద పెత్తనం చెయ్యకుండానే కట్టించి ఉంటుందా? ఇటుక ఇంకాస్త కాల్చమని, సున్నం ఇంకాస్త నలగనివ్వమని, ఎండలో నిలబడి చెప్పకుండా ఉండి ఉంటుందా? ధర్మం నిలబడిందంటే అది ధ్యానం చేసినవాళ్ళ వల్ల సగం, ఇలాంటి అత్తగార్ల వల్ల సగం అని నాకు గట్టిగా అనిపించింది. ఆ నమ్మకంతో కళ్ళు తెరిచేసరికి హాలు ఖాళీ. అందరూ భోజనానికి వెళ్ళిపోయారు.

భోజనం 11 గంటలకి. శాకాహారం, మసాలా తక్కువ, స్టీలు పళ్ళెం, తిన్నాక ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలి. ముప్పై ఏళ్ళ తరవాత ఎవరో వండి పెడుతుంటే తింటున్నాను. ఆ సుఖం మొదటి పూట ఉంది. రెండో పూటకి సాంబారులో చింతపండు తగ్గిందని తెలిసిపోయింది. మూడో పూటకి కారణం తెలిసింది, పులుసు మరగకముందే పప్పు కలిపేస్తున్నారు. ఇక అక్కణ్ణుంచి నా ధ్యానమంతా ఆ వంటింట్లోనే. కళ్ళు మూసుకుంటే చాలు, లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. పోపు మాడకముందే దింపించేదాన్ని. పెరుగు గిన్నె మీద మూత పెట్టించేదాన్ని. ఉప్మాలో అల్లం పెద్ద ముక్కలుగా వేసినావిడ ఎవరో నాకు ముఖం కూడా తెలియదు, అయినా ఆవిడకి అల్లం తరగడం నేర్పాను, అదీ శ్వాస మీద ధ్యాస పెట్టాల్సిన గంటలో. ఈ తిండికి నేను పైసా కట్టలేదని, ఇంతకు ముందు కోర్సు చేసినవాళ్ళిచ్చిన దానంతో నడుస్తోందని, వండేవాళ్ళలో జీతం లేకుండా వచ్చినవాళ్ళున్నారని బోర్డు మీద రాసే ఉంది. చదివాను. సిగ్గుపడ్డాను. సాంబారు మాత్రం అలాగే ఉంది.

ఒక మధ్యాహ్నం, సందేహాలు చెప్పుకునే వేళ, ఆచార్యుల దగ్గరికి వెళ్ళాను. నా ఎదురుగా కూర్చున్నావిడ తెల్ల చీరలో, ప్రశాంతంగా, ఏ పనీ మిగలని మనిషిలా ఉన్నారు. మనసు నిలవడం లేదని చెబుదామని వెళ్ళినదాన్ని, నోరు తెరవగానే "పప్పు విడిగా ఉడికించి" అని మొదలుపెట్టాను. ఆవిడ మొత్తం విన్నారు. నవ్వలేదు, కోప్పడలేదు. "ఆ ఆలోచన వచ్చినప్పుడు శ్వాస ఎలా ఉంటోంది?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. నేను చూడలేదు. నేను వంటింట్లో ఉన్నాను కదా.

నాలుగో రోజు నుంచి అసలు విపశ్యన. తల నుంచి పాదాల దాకా ఒంటినంతా మనసుతో తడుముకుంటూ వెళ్ళాలి. ఎక్కడ ఏ సంవేదన తెలిస్తే అది, దురదైనా, మంటైనా, చక్కిలిగింతైనా. బాగుందని దాన్ని పట్టుకోకూడదు, బాలేదని దాన్ని తరిమెయ్యకూడదు. అది పుడుతుంది, పోతుంది, చూస్తూ ఉండాలి. దాంతోపాటు అధిష్ఠానం. రోజుకి మూడుసార్లు, గంటసేపు, కాళ్ళూ చేతులూ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవడం. హాల్లో దిండ్ల జోరు అప్పుడు మొదలైంది. మొదటి రోజు ఒక్కొక్కరి కింద ఒక్క దిండు. ఇప్పుడు మోకాలి కిందొకటి, తొడ కిందొకటి, చీలమండ కింద మడత పెట్టిన శాలువా. మా వరసలో ఒకావిడ తన చుట్టూ కోటే కట్టుకుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుర్చీ ఇస్తారు. నన్నూ అడిగారు. నా పక్కావిడ నా కంటే పెద్దదై ఉండి కింద కూర్చుంటే నేను కుర్చీ ఎక్కుతానా? మర్నాడు ఆవిడే కుర్చీలోకి మారింది. అప్పటికి నేను వద్దని చెప్పేశాను.

ఇక్కడ దారం సంగతి చెప్పాలి. నా ముందు కూర్చున్నావిడ బూడిదరంగు ఉన్ని శాలువా కప్పుకునేది. దాని అంచున, సరిగ్గా నా కళ్ళకెదురుగా, ఓ దారప్పోగు ఊడి వేలాడుతోంది. పొద్దున కిటికీలోంచి వెలుగు పడితే మెరుస్తుంది. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా కొంచెం పైకి లేస్తుంది, వదిలినప్పుడు దిగుతుంది. నా శ్వాస సంగతేమో గానీ ఆవిడ శ్వాస నేను ఒక్కటి కూడా వదలకుండా గమనించాను. కళ్ళు మూసుకున్నా దారం కనబడేది. కత్తెర లేదు, గోళ్ళు కత్తిరించుకుని వచ్చాను. పంటితో కొరికితే ఒక్క క్షణం పని. ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు, కంటికి కన్ను కలపకూడదు. రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతోందని నా అనుమానం. చివరికి ఒకనాడు అధిష్ఠానం అయిపోయి, అందరూ లేస్తున్న సందట్లో, చెయ్యి దానంతటదే వెళ్ళింది. పట్టుకుని లాగాను. దారం తెగలేదు. జానెడు అంచు కుట్టు విప్పుకుని చేతికొచ్చింది. ఆవిడ వెనక్కి తిరిగి, చేతిలో శాలువా కొస చూసి, నా ముఖం చూసి, నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి మూసుకుంది. ఆర్య మౌనం లోకాన్ని కాపాడుతుందో లేదో గానీ ఆ పూట నన్ను కాపాడింది.

అంతా వేళాకోళమే అనుకోకండి. ఒకసారి కుడి మోకాలు నిప్పు పెట్టినట్టు మండి, ఇక లేచిపోదామనుకున్న క్షణంలో, సరే చూద్దాం ఏం చేస్తుందోనని ఊరుకున్నాను. నొప్పి అని నేను పేరు పెట్టినదాని లోపలికి వెళితే అక్కడ వేడి ఉంది, ఒత్తిడి ఉంది, సన్నగా కొట్టుకోవడం ఉంది, వాటి మధ్య ఖాళీ కూడా ఉంది. కాసేపటికి అది కరిగి పలచబడింది. మోకాలు అలాగే ఉంది, బాధ పడే మనిషి మాత్రం కొంచెంసేపు అక్కడ లేదు. గంట కొట్టేదాకా నేను కదల్లేదు. నా పెళ్ళయ్యాక నేను ఏదో ఒకటి సరిచెయ్యకుండా గడిపిన మొదటి గంట బహుశా అదే. వెంటనే ఈ సంగతి అందరికీ చెప్పుకోవాలనిపించింది. మాట్లాడకూడదు. ఆ బాధ మోకాలి నొప్పి కంటే ఎక్కువ.

సాయంత్రం కొత్తవాళ్ళకి మరమరాలు, ఓ పండు, టీ. అంతకు ముందు కోర్సు చేసినవాళ్ళకి నిమ్మకాయ నీళ్ళు మాత్రమే. రాత్రి భోజనం లేదు. ఆ ఖాళీ కడుపుతో గోయెంకా ప్రవచనం రికార్డింగు వినాలి. ఆయన మంచి కథకుడు, చమత్కారంగా చెప్పేవారు, నవ్వు ఆపుకోవడానికి జనం దగ్గేవాళ్ళు. ఒక రాత్రి పాయసం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని గుడ్డివాడి కథ చెప్పారు. అనుభవం లేకుండా మాటలతో తెలుసుకోవాలనుకుంటే ఎంత తికమక పడతామో చెప్పే కథ. మిగతావాళ్ళకి ఆ సారం అందింది. నాకు పాయసం మాత్రమే అందింది. జీడిపప్పు నేతిలో వేయించి పైన వేస్తున్నారా లేదా అన్న దగ్గర నేను ఆగిపోయాను. దుప్పట్లో దూరాక కూడా అదే.

గదిలో నాతోపాటు గచ్చిబౌలిలో పనిచేసే ఓ అమ్మాయి. పాతికేళ్ళు దాటి ఉంటాయి. చక్కటి పిల్ల, నిద్రలో కూడా చప్పుడు చెయ్యదు. ఒక్కటే లోపం. టూత్‌పేస్టు మూత పెట్టదు. పళ్ళు తోముకోవడం, ట్యూబు అలా కిటికీ గట్టు మీద నోరు తెరుచుకుని పడెయ్యడం. చీమలు పడతాయి, పేస్టు ఎండిపోతుంది, ఆ మూత దొర్లిపోయి మంచం కిందకి పోతుంది. నేను రోజూ రాత్రి ఆ పిల్ల పడుకున్నాక, చప్పుడు కాకుండా లేచి, మంచం కింద తడిమి, మూత వెతికి పెట్టి పడుకునేదాన్ని. పొద్దున్నే మళ్ళీ మామూలే. ఉపేక్ష అంటే సమతతో చూడటమని రోజూ రాత్రి ప్రవచనంలో వింటున్నాను. వింటూనే మూత పెడుతున్నాను.

పదో రోజు పొద్దున మంగళ మైత్రి నేర్పారు. లోకంలో అందరూ సుఖంగా ఉండాలని కోరుకోవడం. అందరం సాధు, సాధు, సాధు అన్నాం. మౌనం ముగిసింది. హాలు బయట ఆడవాళ్ళ గొంతులన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి, వేప చెట్టు మీద కాకులు ఎగిరిపోయాయి. కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళు, నవ్వుతున్నవాళ్ళు, ఒకరినొకరు పట్టుకున్నవాళ్ళు. గచ్చిబౌలి పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడింది. అన్ని రోజుల మౌనం తరవాత, సకల ప్రాణులూ సుఖంగా ఉండాలని కోరుకున్న నోటితో, నేనన్న మొదటి మాట ఇది: "పేస్టు మూత పెట్టుకోమ్మా."

ఆ పిల్ల ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "మీరు రోజూ పెట్టడం నాకు తెలుసు ఆంటీ. నిద్రపోయేదాన్ని కాదు" అంది. "మరి పెట్టొచ్చుగా?" అన్నాను. "మా అమ్మ కూడా అచ్చం ఇలాగే ఆంటీ. పది రోజులు ఆవిణ్ణుంచి తప్పించుకుందామని ఇక్కడికొచ్చాను" అంది. దానికేమంటాం? శాలువా ఆవిడ దూరం నుంచి నన్ను చూసి మెల్లగా ఇంకో గుంపులోకి వెళ్ళింది. దానం ఇచ్చే బల్ల దగ్గర నేను అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే రాశాను. అది భక్తో, అపరాధ రుసుమో నాకే తెలియదు. కోర్సు పూర్తిచేసినవాళ్ళ దగ్గరే దానం తీసుకుంటారు, మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ దగ్గర తీసుకోరు. ఆ నియమం నాకు బాగా నచ్చింది.

పదకొండో రోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. దారంతా ఒకటే ఆలోచన. ఇల్లు ఏ స్థితిలో ఉంటుందో, కర్రీ పాయింట్ కవర్లు ఎన్ని గుట్టలు పడి ఉంటాయో, పెరుగు ఎన్నిసార్లు పులిసిపోయి ఉంటుందో. తలుపు తీయగానే పోపు వాసన. మంచి పోపు. వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అత్తయ్యగారు. లోపల స్టౌ దగ్గర మా ఆయన, పక్కన వంకాయలు తరుగుతూ మా అబ్బాయి, చెవుల్లో బుడిపెలు లేవు. "ముక్క అంత లావా? నీళ్ళలో వెయ్యి ముందు, నల్లబడుతోంది. ఒరేయ్, నువ్వు మంట తగ్గించు" అంటూ అత్తయ్యగారు చేత్తో గాలిలో గీతలు గీస్తున్నారు. ఎనభై దాటిన మనిషి, పదేళ్ళు చిన్నగా కనిపించారు. ముప్పై ఏళ్ళ కిందట నేను ఆ వంటింట్లో అడుగుపెట్టినప్పుడు ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్న పెత్తనం ఆవిడకి తిరిగొచ్చింది. ఫ్రిజ్ మీది నా కాగితాలు తీసేశారు. పారేయలేదు, వెనక వైపు తెల్లగా ఉంది కదా అని ఆవిడ చెప్పిన పులుసులూ పచ్చళ్ళూ మా అబ్బాయి రాసుకున్నాడు. సకినాల డబ్బా ఖాళీ. ఎక్కడ దాచానో ఆవిడకి మొదటిరోజే తెలిసిపోయిందట. "ఆ అర నేను కట్టించిందేనమ్మా" అన్నారు.

సరే, గుండెల్లో ఏదో బిగుసుకుంది. గమనించాను. వేడి, ఒత్తిడి, సన్నటి కొట్టుకోవడం. పుడుతుంది, పోతుంది అనుకున్నాను. పోయింది కూడా. నేర్చుకున్నది పనికొచ్చిందనుకుంటూ మంచినీళ్ళు తాగుదామని లోపలికెళ్ళి, పోపుల పెట్టె చూశాను. మా ఆయన దాన్ని సర్దారు. మధ్య గిన్నెలో ఉండాల్సిన ఆవాలు పక్క గిన్నెలో, మెంతుల చోట జీలకర్ర, ఒక్కో గిన్నెకి కాగితం ముక్క అంటించి పేరు, ఒకటి రెండు మూడని నంబర్లు. ఎక్కువ వాడేవి కుడివైపట, తక్కువ వాడేవి ఎడమవైపట. "ఇప్పుడు ఎవరైనా వండొచ్చు" అన్నారు గర్వంగా.

నా అరుపుకి పక్కింటివాళ్ళు తలుపు తీసుకుని వచ్చారు.

ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని అక్కడ చెప్పారు. సాయంత్రం గంట సీరియళ్ళ మూలంగా ఎప్పుడో పోయింది. పొద్దున మాత్రం దేవుడి గది పక్కన కూర్చుంటున్నాను. కుక్కర్ కూతలు లెక్కపెట్టకుండా ఉండటం ఇంకా రాలేదు. మూడో కూతకి స్టౌ ఆపే బాధ్యత మా అబ్బాయిది, అయినా నాలుగోది వస్తుందేమోనని నా శ్వాస ఆగుతుంది. ఇప్పుడైతే శ్వాస ఆగిందని నాకు తెలుస్తోంది. అంతకు ముందు అదీ తెలిసేది కాదు. కోపం విషయంలోనూ ఇంతే. అరుపు ఆగలేదు, కాస్త ఆలస్యంగా వస్తోంది. గుండెల్లో బిగువు ముందు తెలుస్తుంది, దాని వెనక ఓ రెండు క్షణాలకి నోరు లేస్తుంది. ఈ సంగతి నా కంటే ముందు మా ఆయన గమనించారు. ఆ రెండు క్షణాల్లో బాల్కనీలోకి వెళ్ళిపోయి తలుపు వేసుకోవడం సాధన చేసి పట్టు సంపాదించారు. మా ఇంట్లో ఈ కోర్సు వల్ల బాగుపడింది ఆయనే.

మీలో నా లాంటి తల్లులెవరైనా ఉంటే తప్పకుండా వెళ్ళి రండి. రుసుము లేదు, ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి, పది రోజులూ ఉండగలిగితేనే వెళ్ళాలి. పోపుల పెట్టె బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ఒక్క విన్నపం. మీ పిల్లలు ఏ నెలలో వెళుతున్నారో కనుక్కుని ఆ నెల మానేసి వేరే నెలలో వెళ్ళండి. పాపం, వాళ్ళు మన నుంచే పారిపోయి అక్కడికి వస్తున్నారు.